‘దేవుని పనే కదా’ అనకండి

మా డెల్టా పల్లెల్లో వరి కోతలై, కుప్పలు నూర్చి, ధాన్యం ఇల్లు చేరాక క్రైస్తవుల గుళ్ళలో కోత పండుగ జరుగుతుంది. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. బలిపీఠం ముందు వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కాళ్ళు కట్టిన నాటుకోళ్ళు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఆ పక్కనే షామియానా కింద స్త్రీల మైత్రి వాళ్ళ తినుబండారాల స్టాలు ఉంటుంది. పదహారేళ్ళుగా నేను ఆ స్టాలులో పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్ళు ఉల్లిపాయలు తరిగాను. ఆ తర్వాత బాధ్యత నా మీద పెట్టారు.

బాధ్యత తీసుకున్న మొదటి ఏడే తప్పు జరిగింది. నర్సింగ్ చదువుతున్న ఇద్దరు అమ్మాయిల ఫీజు కోసం ఆ ఏడు స్టాలు పెట్టాం. చికెన్ బిరియానీ పొద్దున్న ఆరింటికే దించేసి, గుండిగల మీద మూతలు పెట్టి, గోనెపట్టాలు కప్పి ఉంచాం. ప్రసంగం సాగింది. వేలం సాగింది. మేము వడ్డన మొదలుపెట్టేసరికి ఒంటిగంటన్నర. గుడి ఎదురింటి మాస్టారు మా సంఘం మనిషి కారు. ఆడపిల్లల చదువు కోసమని విని నాలుగు కూపన్లు కొన్నారు. రెండు ముద్దలు తిని, ప్లేటు తెచ్చి నా ముందు పెట్టి, “అమ్మా, ఒకసారి వాసన చూడండి” అన్నారు. చూశాను. అడుగున అన్నం జిగురెక్కింది. పక్కనున్న వదిన మెల్లగా, “దేవుని పనే కదా, సర్దుకుంటార్లే” అంది.

సర్దుకోనివ్వలేదు. కూపన్ల డబ్బు తిరిగి ఇచ్చేశాం. మిగిలిన బిరియానీ గుడి వెనక గుంట తీయించి పూడ్చాం. ఫీజుకి మా చేతికొచ్చింది చాలా కొంచెం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది డబ్బు కాదు, వదిన అన్న ఆ మాట. అదే మాట అంతకుముందు నేను ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది. చల్లారిన గారెలు అమ్మినప్పుడు అన్నాను. లెక్క సరిపోనప్పుడు అన్నాను. ఒకే ఒక్క అక్కని తెల్లవారుజామున నాలుగింటి నుంచి పొయ్యి ముందు నిలబెట్టినప్పుడు కూడా అన్నాను.

హోటలువాడు వాసనొచ్చే బిరియానీ పెడితే మనం ఊరుకోం, అడుగుతాం. గుడి పేరు చెప్పి అమ్మేటప్పుడు ఎదుటి మనిషి నోరు విప్పడానికి మొహమాటపడతాడు. అడగలేని మనిషికి అమ్ముతున్నాం కాబట్టే మన మీద బరువు ఎక్కువ. మాస్టారిలాంటివాళ్ళు నూటికి ఒకరు. మిగతావాళ్ళు ప్లేటు చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు.

తిండికీ గుడికీ ఉన్న బంధం మన ప్రాంతంలో చాలా లోతైనది. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్, కరువులో ఉన్న జనానికి పని చూపించి అన్నం పెడుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కట్టించిన గుడి. మన తెలుగు సంఘాల్లో పిడికెడు బియ్యం తెలియని ఇల్లాలు ఉండదు. ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం, ఆదివారం గుడికి తెస్తాం. మిజోరంలో ఇదే పనిని ‘బుహ్‌ఫాయ్ థమ్’ అంటారు. అక్కడ 1910లో మొదలైన ఆ పిడికెడు ఇప్పటికీ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాన్ని పోషిస్తోంది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు సంతలో హామ్లిన్ చర్చివాళ్ళ భోజనశాల 1897 నుంచి ఉంది. పన్నెండు రోజుల సంత, వండి వడ్డించే పనిలో సంఘస్థులుంటారు. జాలిపడి ఎవరైనా ఒక ఏడాది తింటారు. నూటపాతికేళ్ళు జాలితో ఎవరూ తినరు.

పొయ్యి దగ్గర

మొదట తెలుసుకోవలసింది, అన్నం ఎందుకు పాడవుతుందో. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలు గంటలు ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని ‘ఒకసారి వేడి చేసి పెట్టేద్దాం’ అనేది పరిష్కారం కాదు. ఆహార భద్రతలో అందరూ పాటించే హద్దు ఒకటుంది. వేడి పదార్థం 60 డిగ్రీలకి పైన ఉండాలి, చల్లని పదార్థం 5 డిగ్రీలకి లోపు ఉండాలి. మధ్యలో ఉన్నదేదైనా రెండు గంటలు దాటనివ్వకూడదు. వంటలో గుచ్చి చూసే థర్మామీటరు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మేము కొన్నాం. గోనెపట్టా కప్పిన గుండిగ పైన పొగలు కక్కుతున్నా అంచుల్లో ఎంత త్వరగా చల్లారుతుందో అది పెట్టి చూసినప్పుడే నమ్మకం కలిగింది.

ఇప్పుడు మేము బిరియానీ ఒక్కసారే వండం. మొదటి గుండిగ దమ్ము విప్పేది ఆశీర్వాద ప్రార్థన అయ్యాకే. అది సగమయ్యేసరికి రెండోది దమ్ము మీద ఉంటుంది. అయ్యగారితో ముందే చెప్పుకుంటాం, ప్రసంగం ఎన్నింటికి ముగుస్తుందో కచ్చితంగా చెప్పమని. అలా అడగడానికి మొదట్లో జంకాను. ఆయన నవ్వి, గడియారం చూసుకుని మరీ పన్నెండింటికి ముగించారు.

పెరుగు పచ్చడి స్టీలు గిన్నెలో, ఆ గిన్నె ఐసు తొట్టిలో ఉండాలి. కొబ్బరి చట్నీ కొంచెం కొంచెంగా రుబ్బుకోవాలి. ఎండ పెరిగే రోజైతే కొబ్బరి మానేసి అల్లం పచ్చడి పెట్టండి, అది నిలుస్తుంది. గారెల పిండిలో ఉప్పు వాయికి ముందే కలపండి. రాత్రే కలిపితే పిండి జారుతుంది, గారె నూనె పీలుస్తుంది. నూనె నల్లబడి నురగ కట్టిందంటే మార్చాలి. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని ఆహార భద్రతా సంస్థ నియమం. మన దగ్గర కొలిచే యంత్రం ఉండదు కాబట్టి కంటినీ ముక్కునీ నమ్ముకోవాలి, నూనె పారబోయడానికి మనసు రావాలి.

వార్తాపత్రిక ముక్కల్లో బజ్జీలు కట్టివ్వకండి, సిరా తిండికి అంటుతుంది. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ స్పూన్లు, ప్లేట్లు, గ్లాసులు దేశమంతటా నిషేధం. అడ్డాకు విస్తళ్ళున్న దేశంలో వాటి కోసం బాధపడక్కర్లేదు. డబ్బు పట్టిన చెయ్యి తిండిని ముట్టకూడదు. కౌంటరులో మనిషి వేరు, వడ్డించే మనిషి వేరు. తొడుగు వేసుకున్నా ఆ చేత్తోనే నోట్లు లెక్కపెడితే తొడుగు వల్ల ఉపయోగం లేదు.

ఇంకో సంగతి నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. పండుగకి వచ్చేవాళ్ళలో మాంసం తినని ఇరుగుపొరుగు ఉంటారు, హలాల్ చూసుకునే ముస్లిం కుటుంబాలుంటాయి. చికెన్ పకోడీ వేయించిన నూనెలో మిరపకాయ బజ్జీ వేసి ‘శాకాహారం’ అని అమ్మితే అది మోసం. మూకుడు వేరు, నూనె వేరు, గరిటె వేరు పెట్టుకోవాలి. గులాబీ పువ్వుల పిండిలో మేము కోడిగుడ్డు కలుపుతాం, కాబట్టి పొట్లం మీద ఆ మాట రాస్తాం. కోడిమాంసం ఏ దుకాణం నుంచి తెచ్చామో అడిగినవాళ్ళకి చెప్తాం.

స్టాలుకి రిజిస్ట్రేషన్ అవసరమా అని చాలామంది అడుగుతారు. 2006 ఆహార భద్రతా చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లో తాత్కాలిక స్టాలు పెట్టేవాళ్ళని, మతపరమైన కూడికల్లో తిండి పంచేవాళ్ళని చిన్న వ్యాపారుల కోవలో చేర్చారు. రుసుము తక్కువే, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు. చేయించుకోండి.

పుస్తకంలో

పండుగకి ఆరు వారాల ముందు ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో డబ్బు ఎందుకో, ఎంత కావాలో రాయండి. ‘సంఘాభివృద్ధికి’ అని రాయకండి, అలా రాస్తే ఎవరికీ ఏమీ కనిపించదు. ‘ఇద్దరు అమ్మాయిల ఈ ఏటి ఫీజుకి 40,000’ అని రాయండి. స్టాలు ముందు కట్టే బ్యానరు మీద కూడా అదే మాట ఉండాలి.

తర్వాత లెక్క వేయండి. మా చేతిలో కిలో మినప్పప్పుకి సుమారు 60 గారెలు వస్తాయి. ప్లేటుకి నాలుగు చొప్పున 15 ప్లేట్లు. పప్పు, నూనె, గ్యాసు, పచ్చడి, విస్తరి అన్నీ కలిపి 300 రూపాయల ఖర్చనుకుందాం. అంటే ప్లేటుకి 20. అమ్మేది 40. కిలోకి మిగిలేది 300. గారెలతోనే 40,000 తేవాలంటే 130 కిలోలకి పైగా పప్పు నానబెట్టాలి, ఎనిమిది వేల గారెలు తట్టాలి. ఒక మూకుడు గంటకి 120 గారెల కంటే ఎక్కువ ఇవ్వదు. ఈ లెక్క వేసేదాకా మా వాళ్ళందరూ ‘గారెలు పెడితే చాలు, జనం ఎగబడతారు’ అనేవాళ్ళు. జనం ఎగబడేది నిజమే. ఆ మూకుడు ముందు చెయ్యి విరిగేది మనకి.

అందుకే గారెలు 20 కిలోలకి ఆపాం. అది 1,200 గారెలు, రెండు మూకుళ్ళ మీద ఐదు గంటల పని. మిగిలేది 6,000. బిరియానీ ప్లేటు ఖర్చు 90, ధర 150, మూడు వందల ప్లేట్లకి మిగిలేది 18,000. గులాబీ పువ్వుల పొట్లాలు వంద రూపాయలవి రెండు వందలు, సగం మిగులు, అంటే 10,000. ఇక మిగిలిన 6,000 టీలోంచి, కజ్జికాయల్లోంచి రావాలి. మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి, ఈ అంకెల్ని కాకుండా ఈ వరసని తీసుకోండి.

గులాబీ పువ్వుల దగ్గర ఒక కిటుకుంది. అవి వారం ముందే చేసి డబ్బాల్లో పెట్టుకోవచ్చు. పండుగ రోజు వాటికి పొయ్యి అక్కర్లేదు, నిలబడే మనిషి అక్కర్లేదు, చల్లారే భయం లేదు. అక్కడ తినేవి జనాన్ని రప్పిస్తాయి, ఇంటికి పట్టుకెళ్ళేవి డబ్బు మిగులుస్తాయి. ఇది అర్థమయ్యాక మా స్టాలు తీరే మారిపోయింది. బిరియానీకి రెండు ఆదివారాల ముందు నుంచే నంబరు వేసిన కూపన్లు అమ్మితే శనివారానికల్లా ఎన్ని కిలోలు వండాలో తెలిసిపోతుంది.

కానుకగా వచ్చిన సరుకుని లెక్కలో సున్నా వేయకండి. ఒక పెదనాన్నగారు ప్రతి ఏడూ రెండు బస్తాల బియ్యం ఇచ్చేవారు. మేము బియ్యం ఖర్చు రాసేవాళ్ళం కాదు, అందుకని ప్లేటు చవగ్గా పెట్టేవాళ్ళం. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన ఏడు బియ్యం కొనాల్సి వచ్చి, ధర ఒక్కసారిగా పెంచలేక, మూడు వందల ప్లేట్లు అమ్మి కూడా ఏమీ మిగల్లేదు. బజారు ధర రాయండి. ఎదురుగా ‘ఫలానావారి కానుక’ అని రాయండి. అప్పుడు ఆయన ఇచ్చింది ఎంతో సంఘానికీ తెలుస్తుంది.

ఎవరు నిలబడతారు

అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం తిండి వడ్డన గురించే. గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకి రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగుడు పుట్టింది. అపొస్తలులు ‘దేవుని పనే కదా’ అని సర్దిచెప్పలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు, ఆ ఏడుగురి పేర్లూ అక్కడ రాసి ఉన్నాయి. పని అప్పగించడమంటే పేరు రాయడం. ‘అందరూ తలా ఒక చెయ్యి వేయండి’ అని గుడిలో ప్రకటిస్తే ఎప్పుడూ వేసే ఆ రెండు చేతులే పడతాయి.

అడిగే తీరు నేర్చుకోవాలి. “ఏదైనా సాయం చేయండమ్మా” అంటే, “అలాగే” అని వెళ్ళిపోతారు. “శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఉల్లిపాయలు తరగడానికి రాగలరా?” అని అడగండి. వస్తామనో రామనో చెప్తారు. రామన్నవాళ్ళ మీద కోపం పెట్టుకోకండి, ఇంట్లో ఎవరి బాధ ఏమిటో మనకి తెలియదు.

ప్రతి గుడిలో ఒక గారెల అక్క ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా పిండి ఆవిడే పదును చూస్తుంది, ఇంకొకరిని ముట్టనివ్వదు. మా అక్క దగ్గరికి వెళ్ళి, “అక్కా, ఈసారి మీ పక్కన ఒక పిల్లని కూర్చోబెడతాను” అన్నాను.

“ఏమే, నా చెయ్యి పనికిరాకుండా పోయిందా?”

“కాదక్కా, మీ చేతి పదును మీతోనే పోకూడదని.”

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “జడ ముడేసుకుని రమ్మను. గోళ్ళు తీసుకుని రమ్మను” అంది. ఆ పిల్ల ఇప్పుడు రెండో మూకుడు దగ్గర ఉంటుంది.

పొయ్యి ముందు ఎవరూ రెండు గంటలు దాటి ఉండకూడదు. మజ్జిగ, కూర్చోడానికి కుర్చీ, నీడ ముందే చూడాలి. గిన్నెలు తోమడం మగవాళ్ళ పేరున రాయండి, మైకులో కూడా చదవండి. మేము రాసిన మొదటి ఏడు నలుగురే వచ్చారు. ఆ నలుగురూ పెద్ద గుండిగలు తోమి బోర్లించడం చూశాక, మరుసటి ఏడు అడక్కుండానే యూత్ వాళ్ళు వచ్చారు.

పండుగ రోజు తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర ఉండే ఆడవాళ్ళకి ఆరాధన ఉండదు. మైకులో కీర్తన వినపడుతుంటుంది, మసాలా వేయిస్తూ పెదవి కదుపుతారు, అంతే. ప్రభు సంస్కారం కూడా అందదు. మార్త మరియల కథ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను. లోపల కూర్చుని వినేవాళ్ళకి మార్తని తప్పుపట్టడం తేలిక. మా స్త్రీల మైత్రి తరపున అయ్యగారిని ఒకటే అడిగాం, వంటవాళ్ళ కోసం ఐదున్నరకి చిన్న సంస్కార ఆరాధన పెట్టమని. పెట్టారు. ఏప్రాన్లు కట్టుకునే వెళ్ళాం. గారెల అక్క, ఇరవై ఏళ్ళలో కోత పండుగనాడు తనకి సంస్కారం అందడం అదే మొదటిసారి అని చెప్పి ఏడ్చింది. నేను చెప్పినవాటిలో మీరు ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి.

డబ్బు పెట్టె

యెరూషలేములో పేదల కోసం చందా పోగైనప్పుడు పౌలు అది ఒక్కడే పట్టుకెళ్ళలేదు. సంఘాలు ఎన్నుకున్న మనుషుల్ని తోడు పెట్టాడు, ఎవరూ నింద వేయకూడదని. కొరింథీయులకి రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం చూడండి. నిజాయితీపరుడికి సాక్షి ఎందుకంటారా? సాక్షి ఉండేది ఆ నిజాయితీపరుడి కోసమే. ఇది మేము ఆలస్యంగా తెలుసుకున్నాం.

ఒక ఏడు హడావుడిలో ఫోన్ డబ్బులన్నీ మా చెల్లెలి వరసయ్యే ఒకామె నంబరుకి వేయించాం. ఆమె పైసా తేడా లేకుండా అప్పజెప్పింది. నెల తర్వాత ఆమె ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. ఎవరో ఒక మాట అన్నారు. ఆ మాట వీధి చివరిదాకా పోయింది. లెక్క మా ఎదురుగానే చూసిన మేము గట్టిగా ‘అబద్ధం’ అనలేదు, ‘దేవుడే చూసుకుంటాడు’ అని ఊరుకున్నాం. ఆమె స్టాలుకి రావడం మానేసింది. తర్వాత గుడికి రావడమే మానేసింది.

ఇప్పుడు క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే. నగదు పెట్టె ఇద్దరు కలిసి తెరుస్తారు, ఆ ఇద్దరూ భార్యాభర్తలో అక్కచెల్లెళ్ళో కాకూడదు. కూపన్ల నంబర్లు, ప్లేట్లు, డబ్బు మూడూ ఆ రాత్రే సరిచూస్తాం. వచ్చే ఆదివారానికి ఆదాయం, ఖర్చు, మిగులు గుడి గుమ్మం పక్కన బోర్డు మీద ఉంటాయి. తగ్గితే తగ్గిందనే రాస్తాం.

మిగిలిన తిండి సంగతీ ముందే తేల్చుకోండి. అయిదు రొట్టెల అద్భుతం తర్వాత కూడా ముక్కలు ఏరి పన్నెండు గంపలకి ఎత్తారు. హాస్టలుకి పంపాలనుకుంటే వేడిగా ఉన్నప్పుడే, వడ్డన మధ్యలోనే ఒక గుండిగ పక్కకి తీసి పంపండి. సాయంత్రం దాకా ఎవరూ కొననిది బీదవాళ్ళకి పంపకండి. మన పిల్లలకి పెట్టలేనిది వాళ్ళ పిల్లలకీ పెట్టకూడదు.

ఆ చెల్లెలి ఇంటికి మేము వెళ్ళడానికి నాలుగేళ్ళు పట్టింది. ముగ్గురం వెళ్ళాం. పాత నోటుపుస్తకం పట్టుకెళ్ళాం. “నువ్వు ఇచ్చిన ప్రతి రూపాయీ ఇందులో ఉంది, మేమే నోరు విప్పలేదు, తప్పు మాది” అని చెప్పాం. ఆమె టీ పెట్టింది గానీ ఏమీ అనలేదు. ఆ పై ఆదివారం అదే లెక్కని సంఘం ముందు నిలబడి చదివాను. మీ గుడిలో కూడా ఇలా స్టాలుకి దూరమైనవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. పండుగకి సరుకుల చీటీ రాయకముందే వాళ్ళింటికి వెళ్ళండి.